అప్ప ఫోను చెప్పిన లారీ కబురు

మా ఊళ్ళో సిగ్నల్ లేదు. ఊరు కొండల మధ్యన గిన్నె అడుగున కూర్చున్నట్టు ఉంటుంది. చుట్టూ కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓకు చెట్లు, ఆ చెట్లను పట్టుకుని మిరియాల తీగలు. ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడాలంటే ఊరి వెనక కొండెక్కి పెద్ద రాతిబండ దగ్గరకి పోవాలి. అక్కడ నిలబడితే ఎక్కడిదో టవరు గాలి తగులుతుంది. ఎండాకాలం బాగా తగులుతుంది, వానాకాలం దాని ఇష్టం.

రోజూ అంత కొండ ఎవరెక్కుతారు? అందుకని మా ఊరివాళ్ళం ఒక పద్ధతి పెట్టుకున్నాం. మేకలు తోలుకుని రోజూ కొండ మీదికి పోయే ముసలామె ఒకతె ఉంది. మా అత్తకి చెల్లెలి వరస. పొద్దున్నే ఆమె వెదురుబుట్ట పట్టుకుని వీధిలోకి వస్తుంది. ఫోన్లు బండకి పంపాలనుకున్నవాళ్ళు అందులో వేస్తారు. ఆమె ఆ బుట్టని బండ పక్కనున్న ఉసిరిచెట్టు కొమ్మకి తగిలించి మేకలు కాసుకుంటుంది. సాయంత్రం తెచ్చి ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తుంది. ఊటకి బిందెలు పంపినట్టే. పొద్దున్న ఖాళీగా పోయిన ఫోను సాయంత్రానికి కబుర్లతో నిండి వస్తుంది. చూడ్డానికి ఫోన్లన్నీ ఒకేలా ఉంటాయి కదా, అందుకని ఎవరి గుర్తు వాళ్ళు కట్టుకున్నాం. ఒకరిది ఎర్ర దారం, ఒకరిది జడ రబ్బరు. మా అప్ప ఫోనుకి అడ్డతీగ నారతో వేసిన ముడి. కళ్ళు లేకపోయినా చెయ్యి పెట్టగానే తనది తనకి తెలుస్తుందని.

అప్ప అంటే నా తోటికోడలు, మా బావగారి భార్య. నా కన్నా చాలా పెద్దది. తోడబుట్టింది కాకపోయినా మొదటినుంచీ అప్పా అనే పిలుస్తాను. మా ఇళ్ళు రెండింటికీ ఒకటే అరుగు. బావగారు పోయాక ఆమె నా పొయ్యి దగ్గరే తింటోంది, నేను ఆమె అరుగు మీదే కూర్చుంటున్నాను. మా ఇద్దరికీ ఈ ఏర్పాటు ఎవరూ చేయలేదు, అలా జరిగిపోయింది.

కళ్ళు బాగున్న రోజుల్లో అప్ప కబుర్లు చెప్పే మనిషి. ఊళ్ళో పెళ్ళి కుదిరినా, ఎవరైనా పోయినా, చుట్టుపక్కల ఊళ్ళకి ఆ మాట ఎవరో ఒకరు నడిచి వెళ్ళి చెప్పాలి. మా ఊళ్ళో ఆ పని ఆమెది. పెళ్ళి కబురైతే ప్రతి ఇంట్లో కూర్చుని, చోడి అంబలి తాగి, కుర్రది నలుపా తెలుపా, కుర్రాడికి తాగుడుందా అన్నీ మాట్లాడి లేవాలి. చావు కబురైతే కూర్చోకూడదు, నీళ్ళు కూడా ముట్టకూడదు. గడప బయట నిలబడి చెప్పి మరో ఇంటికి పోవాలి. ఎవరు పోయారు, ఎప్పుడు పోయారు, ఎప్పుడు పూడుస్తారు, ఈ మూడూ చెప్పాలి. ఒక్కటి తప్పినా అవతలివాళ్ళు వచ్చేసరికి మట్టి వేసేసి ఉంటారు. ఆఖరి చూపు దక్కనివాళ్ళ ఉసురు కబురు తెచ్చినవాళ్ళకే తగులుతుందని మా నమ్మకం. అప్ప చెప్పిన కబురు పట్టుకుని వచ్చి ఆలస్యమైపోయిన మనిషి మా కొండల్లో లేడు.

తర్వాత ఆమె కళ్ళల్లో నీటికాసులు ముదిరాయి. విశాఖపట్నం తీసుకెళ్ళేసరికి డాక్టరు మెల్లిగా తల అడ్డంగా ఊపాడు. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదానికి పగలా రాత్రా అన్నంత మాత్రం తెలుస్తుంది. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు అరుగు మీద కూర్చుని, దారిలో పోయేవాళ్ళ అడుగుల చప్పుడు బట్టి “ఎవులది? ఎక్కడికెల్తన్నావు?” అని అడిగేది. పోయేవాళ్ళు పోతూ పోతూ ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. సగం మాట ఆమెకి చేరేది, సగం మలుపు తిరిగిపోయేది.

మా అమ్మాయి పాడేరులో సెల్లు రిపేరు చేసే కొట్లో పని చేస్తుంది. ఒకసారి వచ్చినప్పుడు పాత ఫోనొకటి తెచ్చి అప్ప చేతిలో పెట్టింది. జనమంతా ఉండే పెద్ద ఆప్ ఒకటుంది కదా, అందులో మా మండలం వాళ్ళ గ్రూపు ఉంది. ఎక్కడ ఎవరు పోయారు, బస్సు ఎక్కడ ఆగిపోయింది, సంతలో అల్లం ఎలా ఉంది, మేక తప్పిపోయింది, అన్నీ అందులో రాస్తారు. కళ్ళు లేనివాళ్ళు ఆ పెద్ద ఆప్‌తో పడలేరు. అందుకని మా అమ్మాయి వేరే ఆప్ వేసింది. అది పెద్ద ఆప్ కంపెనీవాళ్ళది కాదు, బయటివాళ్ళెవరో కళ్ళు లేనివాళ్ళ కోసం చేసి ఊరికే ఇస్తున్నారట. అది పెద్ద ఆప్‌లోకి వెళ్ళి, మనకి కావలసిన గ్రూపులో రాసినవన్నీ మోసుకొచ్చి, ఫోన్లో దాచిపెట్టి, సిగ్నల్ లేకపోయినా ఒకదాని తర్వాత ఒకటి తెలుగులో చదువుతుంది. మనం ఏమీ నొక్కక్కర్లేదు. బుట్టలో పడి చెట్టుకి వేలాడుతున్నా దాని పని అది చేసుకుంటుంది. బ్యాటరీ అయిపోకుండా బొమ్మ కూడా చూపించదు, అద్దం నల్లగానే ఉంటుంది.

దాని గొంతు అచ్చం అరకు రైలు స్టేషన్లో మైకు గొంతు. పెళ్ళయినా చావయినా ఒకటే రాగం. మొదట్లో ఒక్కొక్క కబురు అయ్యాక తేదీ, గంట ఇంగ్లీషులో చదివేది. అప్పకి అది నచ్చలేదు.

“ఒలే గుంటా, కబురు మద్దిన ఆ ఇంగిలీసు గొణుగుడేటే? అన్నంలో రాయి నాగుంది. తీసీ.”

“దొడ్డమ్మా, ఎప్పుడెట్టినారో తెలియాల కదా?” అంది మా అమ్మాయి.

“బుట్ట రోజూ ఎల్తంది, రోజూ వస్తంది. పాతవి ఎక్కడినుంచి వస్తాయే? తీసీ.”

తీసేసింది.

అప్పటినుంచి సాయంత్రాలు మా అరుగు నిండిపోయింది. పొలం పని అయి, కాళ్ళు కడుక్కుని ఊరివాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. మైకు గొంతు చదివేది. అర్థం కానివి అప్ప విడమరిచి చెప్పేది. “ఈ పోనాయన ఎవులనుకున్నారు, సామల సేను పక్కన రేకుల ఇల్లు నేదా, ఆ ఇంటోడి మేనమామ,” అని చుట్టరికం కలిపేది. ఎవరు ఎప్పుడు వెళ్ళాలో కూడా ఆమే చెప్పేది. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, కానీ వాటిల్లో పాటలు, వీడియోలు. కబుర్లకి అప్ప ఉంది కదా అని ఎవరూ గ్రూపు తెరిచేవాళ్ళు కాదు. కొండ దిగొచ్చిన కాళ్ళు ఆమెవి కాకపోయినా, కబురు చెప్పే మనిషి మళ్ళీ ఆమే అయింది. ఆ రోజుల్లో ఆమె తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని కూర్చునేది. నేనది చూశాను.

కాఫీ పళ్ళ కాలం మళ్ళీ వచ్చింది. పండు సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. కాఫీ పండు కోసిన రోజే తొక్క తీసే మిషనుకి చేరాలి. ఒక రాత్రి గోనెలో ఉంటే వేడెక్కి పులిసిపోతుంది. మా ఊళ్ళో మిషను లేదు. పళ్ళు కొనేవాళ్ళ లారీ తారురోడ్డు జంక్షన్‌కి వస్తుంది. దానికి ఫలానా రోజని ఉండదు. వచ్చే ముందు రోజు గ్రూపులో రాస్తారు. ఎప్పుడూ అవే మాటలు. “రేపు ఉదయం లారీ వస్తుంది. పండిన పళ్ళు మాత్రమే తీసుకురండి.” ఆ మాట వినగానే ఊరంతా ఒకరి తోటకి ఒకరం సాయం వెళ్ళి, చీకటితో మొదలుపెట్టి కోసి, నెత్తిన పెట్టుకుని దిగుతాం. లారీ కబురు లేనిదే ఎవరూ పండు మీద చెయ్యి వెయ్యరు.

ఆ రోజు సాయంత్రం గ్రూపు కబుర్లలో మేక తప్పిపోయిన సంగతి వచ్చింది. నల్ల మేక, చెవి మీద తెల్ల మచ్చ.

“ఇదివరకు కూడా ఈడి మేకే పోనాది కదేటి?” అన్నాడు గుర్రం ఉన్న మరిది. మా ఊళ్ళో గుర్రం ఉన్నది ఆయనకొక్కడికే, సంతకి సరుకు మోస్తాడు. మాకు మరిది వరస.

“ఆ మేకకి ఆడిల్లు నచ్చనేదు,” అంది అప్ప. “దొరికిన రోజే మళ్ళీ లగెత్తింది.”

అరుగంతా నవ్వింది. తర్వాత ఎవరో ముసలాయన పోయిన కబురు వచ్చింది. అప్ప కాస్త ఆగి, “ఈ పేరోడు ఒకడు నిరుడు పోనాడు,” అని తనలో తనే అనుకుంది. మా కొండల్లో ఒకే పేరు ఊరికి నలుగురు పెట్టుకుంటారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ వెంటనే మైకు గొంతు చదివింది, రేపు ఉదయం లారీ వస్తుంది అని.

“ఇన్నారా? రేపే,” అంది అప్ప. “ఎవులి తోట ముందు?”

తెల్లారకముందే తోటల్లో పడ్డాం. పళ్ళు ఆ ఏడాది బాగా పండాయి. పిల్లలు బడి మానేసి వచ్చారు. గుర్రం మరిది అందరికన్నా ఎక్కువ కోయించాడు, ఆయనకి తోట పెద్దది. గోనెలు గుర్రం మీద, మా నెత్తుల మీద, కావిళ్ళ మీద వేసుకుని పొద్దెక్కేలోపు జంక్షన్‌కి దిగాం. రోడ్డు పక్కన నీడలో గోనెలు పెట్టి కూర్చున్నాం. తెచ్చుకున్న గంజి తాగాం. పాటలు పాడుకున్నాం. పాటలయిపోయాయి. మళ్ళీ మొదటినుంచి పాడాం.

లారీ రాలేదు.

మధ్యాహ్నానికి నీడ జరిగిపోయింది. గోనెల్ని లాగి మళ్ళీ నీడలో పెట్టాం. నేను ఒక గోనెలో చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా ఉంది. గుర్రం మరిది కూడా చెయ్యి పెట్టి తీసి వాసన చూసుకున్నాడు. ఇప్పపువ్వు నానబెట్టిన వాసన. రోడ్డుకేసి చూశాడు.

పాడేరు వైపు నుంచి జనాన్ని వేసుకుని జీపొకటి వచ్చింది. డ్రైవరు మమ్మల్ని చూసి ఆపాడు.

“ఏటి, అందరూ పళ్ళెట్టుకుని ఇక్కడ కూకున్నారు?”

“లారీ వస్తాదంట,” అన్నాను.

“లారీయా? లారీ మొన్నే వొచ్చి ఎల్లిపోనాది కదమ్మా! మీ ఊరోళ్ళొక్కరూ రానేదని ఆ డ్రైవరే నాతో అన్నాడు. ఇప్పుడప్పుడే రాదు. ఎవులు సెప్పినారు మీకు?”

గుర్రం మరిది, “మా ఊళ్ళో లారీలు పోన్లో వస్తాయిలే బాబూ, నువ్వెల్లు,” అన్నాడు. జీపులోవాళ్ళు నవ్వారు.

తెచ్చిన దారినే మళ్ళీ మోసుకుని ఎక్కాం. దిగేటప్పుడు లేని బరువు ఎక్కేటప్పుడు వచ్చింది. ఇక ఆ పళ్ళకి ఒకటే దారి. పరదాల మీద, రేకుల మీద, చర్చి ముందున్న సిమెంటు గచ్చు మీద తొక్కతోనే పోసి ఎండబెట్టాలి. తొక్కతో ఎండిన దాన్ని కొనేవాళ్ళు ఉంటారు కానీ, మంచి కాఫీ కింద లెక్క కాదు. పులిసినవైతే కొన్ని నల్లబడిపోయి పారబోయాల్సి వచ్చింది. ఊళ్ళో ఆ పులుపు వాసన చాలా రోజులు ఉంది. అడవి ఈగలన్నీ మా ఊరికే చుట్టంచూపుకి వచ్చాయి.

మేము ఎక్కి వచ్చేసరికి అప్ప అరుగు మీద కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని ముఖం ఇటు తిప్పింది. ఖాళీ చేతుల నడక వేరు, మోత నడక వేరు. ఆమెకి తెలిసిపోయింది.

“మోసుకొచ్చీసినారేటి?” అంది.

గుర్రం మరిది గుర్రాన్ని ఆపి అరుగు ముందు నిలబడ్డాడు. “ఒదినా, నీ పోను లారీని మింగేసిందేటి? ఓసారి కొట్టి సూడు, ఓ టైరైనా కక్కుతాది.”

“అలగనకు,” అన్నాను.

“ఏటనక్కు? నానేటన్నాను? మేక తప్పిపోనాది, దొరికింది, మళ్ళీ తప్పిపోనాది. మాది అలగ కాదు, పోతే పోనాదే.” అని గుర్రాన్ని కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

అప్ప ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చుంది గానీ కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచింది.

మర్నాడు సాయంత్రం బుట్ట వచ్చింది. అప్ప ఫోను పెట్టింది. మైకు గొంతు మొదలుపెట్టింది. నల్ల మేక, చెవి మీద తెల్ల మచ్చ. అరుగు మీద నేనొక్కదాన్నే ఉన్నాను. అప్ప మేక మాట వినగానే ఫోను మీద చెయ్యి పెట్టి నొక్కేసింది.

“ఇంక ఈ మేక దొరకదు,” అంది. “గుంటకి కబురెట్టు, రమ్మను.”

కబురు ఎలా పెట్టాలి? నేనే బండెక్కి ఫోను చేశాను. ఆదివారం మా అమ్మాయి వచ్చింది. చర్చి నుంచి వస్తూనే ఫోను పట్టుకుని కిందా మీదా చూసింది. నల్లగా ఉన్న అద్దాన్ని వెలిగించింది. దాని మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. ఎన్నాళ్ళనుంచి ఉందో ఎవరికి తెలుసు? ఆ అద్దం వెలిగించి చూసినవాళ్ళు లేరు.

“దొడ్డమ్మా, పెద్ద ఆప్ కంపెనీవోళ్ళు తలుపేసీసినారు,” అంది.

“ఎవులికి?”

“మనకి కాదు. ఈ సదివే ఆప్ నాటివాటికి. బయటోళ్ళు సేసిన ఆప్‌లేవీ తమ దాన్లోకి రాకూడదని రూలెట్టీసినారు. రావాలంటే బోలెడు డబ్బు కట్టాల. మనకి ఊరకనే ఇచ్చీవోళ్ళు ఎక్కడ కడతారు? మూసీసినారు.”

“మరి మూసీస్తే నోరు మూసుకోవాల కదే! ఎందుకు సదివింది?”

“కొత్తవి తేనేకపోనాది. ఏవి సదివిందో ఏవి సదవనేదో ఆ గుర్తు కూడా పోనాది. అందుకని దాసుకున్న పాతవన్నీ మొదట్నించి కొత్తవాటి నాగ సదివింది. ఆ లారీ పాత లారీ దొడ్డమ్మా. అది నిరుడు మనమెల్లి పళ్ళిచ్చీసిన లారీయే. మొన్నొచ్చిన లారీ కబురు ఈ పోన్లోకి రానేనేదు.”

“తేదీ సదివించుంటే తెలిసీది,” అంది అప్ప.

నేను పొయ్యి దగ్గరకి లేచిపోయాను.

మా అమ్మాయి సాయంత్రం దాకా కూర్చుని కంపెనీ ఆప్‌తోనే పని జరిపించాలని చూసింది. ఫోన్లో ఉండే చదివే గొంతుని దానికి తగిలించింది. అప్ప వేలు పెట్టింది. “బటన్,” అంది ఫోను. ఇంకోచోట పెట్టింది. “బటన్.” కిందికి జరిపింది. “బొమ్మ. బటన్. బటన్.” ఆ బటన్లకి పేర్లు పెట్టలేదట. కబురొకటి దొరికేలోపు సబ్బుల ప్రకటన చదివింది. పైగా ఈ ఆప్ చెట్టుకి వేలాడుతూ తనంతట తను ఏదీ తెచ్చుకోదు. మనం తెరిచి సిగ్నల్ దగ్గర కూర్చుంటేనే.

“ఇది గొడ్డుమోతు ఆవులాగుందే,” అంది అప్ప. “మేత గావాల, పాలియ్యదు.” నవ్వింది కూడా. అప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మా అమ్మాయి వెళ్ళిపోయాక, మర్నాడు పొద్దున్నే అప్ప కర్ర పట్టుకుని నిలబడింది.

“నన్ను ఇంటింటికీ తీసుకెళ్ళు.”

“ఎందుకప్పా?”

“కబురు సెప్పాల.”

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆమె ఏ ఇంట్లోనూ కూర్చోలేదు. మంచినీళ్ళు ఇవ్వబోయినా తీసుకోలేదు. గడప బయట నిలబడి ఒకటే మాట. “ఆ లారీ పాత లారీ. పోన్లో తలుపు మూసీసినారు, నాకు తెలీనేదు. తప్పు కబురు సెప్పినాను.” ఇంకో ఇంటికి పదమనేది. కొందరు పోనీలే అన్నారు. కొందరు అయ్యో అన్నారు. ఒకామె మాత్రం తలుపు చాటునుంచి బయటికే రాలేదు. ఆమె పళ్ళు సగం పారబోసింది. అప్ప తలుపుకే చెప్పి తిరిగింది.

గుర్రం మరిది ఎండబోసిన పళ్ళని కాలితో తిరగేస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆగాడు. అప్ప మాట విన్నాడు.

“మరి తప్పు నీదేటి ఒదినా? కంపెనీవోళ్ళది.”

“కంపెనీవోళ్ళు మనూరొచ్చినారేటి? సెప్పింది నా నోరు.”

ఆయన, “కూకో, ఎండలో నిలబడకు,” అన్నాడు.

“కూకోను,” అంది అప్ప.

ఆ తర్వాత అరుగు మీదికి జనం రాలేదు. కోపమని కాదు. వచ్చి వినడానికి ఏముంది? ఫోను మా ఇంట్లో మేకుకి వేలాడింది. అప్ప మళ్ళీ అడుగుల చప్పుడు వింటూ కూర్చుంది. కానీ ఊరికే కూర్చోలేదు. మొదట మేకల ముసలామెని పట్టుకుంది. సాయంత్రం బుట్ట పంచడానికి వస్తే పక్కన కూర్చోబెట్టి, పొద్దున్నుంచీ బండ దగ్గరకి ఎవరెవరు వచ్చారు, ఫోన్లో ఏం మాట్లాడారు అన్నీ అడిగేది. ముసలామెకి మాట్లాడే మనుషులు దొరకరు, మేకలే కదా. పొంగిపోయి చెప్పేది. తర్వాత ఊళ్ళో గ్రూపు తెరవడం వచ్చిన ఇద్దరు కోడళ్ళని పట్టుకుంది. “బండెక్కినప్పుడు సూసి రండి, వొచ్చి నోటితో సెప్పండి,” అంది. వాళ్ళు వచ్చి చెప్పేవాళ్ళు. ఊరికే చెప్పనిచ్చేది కాదు.

“బస్సు ఆగిపోనాదంట అత్తా.”

“అంట నేదు. ఎవులెట్టినారు?”

“ఎవులో.”

“ఎవులో అంటే ఎవులే? పేరు నేదా? ఏ రోజెట్టినాడు? కింద సూడనేదా? మళ్ళీ ఎల్లి సూసి రా.”

“ఓలమ్మా, మళ్ళీ కొండెక్కాలా!”

“తప్పు మాటకి అందరూ కొండెక్కినారు కదేటి.”

కోడళ్ళు విసుక్కునేవాళ్ళు. నాతో చెప్పుకునేవాళ్ళు, పోలీసోళ్ళే నయమని. కానీ మెల్లిగా వాళ్ళకే అలవాటైపోయింది. వస్తూనే పేరు, రోజు, వేళ చెప్పి, అప్పుడు కబురు చెప్పేవాళ్ళు. ముందు ఒకరిద్దరు, తర్వాత వాళ్ళ మాట వినడానికి మరో ఇద్దరు. పూర్వంలా అరుగు నిండేది కాదు. మైకు గొంతు ఉన్నప్పుడు వచ్చిన మగవాళ్ళు చాలామంది ఇప్పుడు రావడం లేదు, సొంతంగా ఫోన్లు చూసుకోవడం నేర్చుకున్నారు. కొందరు మాకెందుకొచ్చిన గొడవని లారీకి ఇవ్వడం మానేసి తొక్కతోనే ఎండబెట్టుకుంటున్నారు.

రెండో కోతకి పళ్ళు ఎర్రబడ్డాయి. ఒక పొద్దున్న గుర్రం మరిది బండ దిగి నేరుగా మా అరుగు దగ్గరకే వచ్చాడు. చేతిలో ఫోనుంది, గుర్రం మీద ఖాళీ గోనెలున్నాయి.

“ఒదినా, రేపు లారీ అని ఎట్టినారు.”

“ఎవులు?”

“ఎప్పుడూ ఎట్టీవోడే.”

“ఏ రోజెట్టినాడు?”

“ఈరోజే. పొద్దున్న.”

“సూసి సెప్తన్నావా, ఊహించి సెప్తన్నావా?”

“ఇదిగో, కింద రాసుంది,” అని ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. పెట్టాక ఆమెకి కనబడదని గుర్తొచ్చి నా వైపు తిప్పాడు. నాకు మూడో తరగతి చదువు. అంకెలు కూడబలుక్కుని ఆ రోజు తేదీయే అని చెప్పాను.

“జీపోడిని అడిగినావా?” అంది అప్ప.

“అడిగినాను. బండ మీదినుంచే పోను కొట్టినాను. లారీ నిన్నే పాడేరొచ్చి ఉందంట, రేపు మన జంక్షనే అన్నాడు. ఇంకేటి, లారీ డ్రైవరు తల్లి పేరు కూడా అడగాలా?”

వీధిలో అప్పటికే నలుగురైదుగురు బుట్టలు పట్టుకుని నిలబడ్డారు. గుర్రం మరిది ఇష్టమైతే నేరుగా తోటకి పోవచ్చు. ఫోను ఆయనది, తోట ఆయనది. పోలేదు, గుర్రం తాడు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

“సెప్పు ఒదినా, ఎండెక్కిపోతంది. తెల్లారి కొయ్యమంటావా, వొద్దా?”

“కొయ్యండి,” అంది అప్ప. “ఎర్రవే. పచ్చి కాయ ముట్టుకోకండి.”

“అదికూడా పోనే సెప్పిందేటి?” అని ఆయన గుర్రాన్ని తిప్పుకున్నాడు. వీధిలోవాళ్ళు నవ్వుకుంటూ ఎవరి తోట ముందో తేల్చుకోవడం మొదలుపెట్టారు. అప్ప అరుగు మీద కాస్త పక్కకి జరిగి, నన్ను కూర్చోమని గచ్చు మీద చేత్తో తట్టింది.